కలెక్టర్‌కి ఎండ తగలకూడదు: శంషాబాద్‌లో మా ఇంటిబండికి పిన్ని పెట్టిన పరీక్ష

మా పిన్ని లెక్కల టీచరు. ఏ సంగతైనా పరీక్ష పెట్టి మార్కులు వేశాక గాని నమ్మదు. 2012 మే నెలలో మేం గండికోట బయలుదేరే రోజున ఆవిడ మాకు పెట్టిన పరీక్ష గురించే ఈ పోస్టు. కుక్కనో పిల్లినో వెంటబెట్టుకుని సొంత బండిలో తిరగాలనుకుంటున్నవాళ్ళు ఎందరో ఉన్నారని నాకొచ్చే ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. మీకు పనికొస్తుందని, నా పరువు కొంచెం పోయినా సరే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బాబాయ్ అంతకు రెండేళ్ళ ముందు ఒక పాత టెంపో వ్యాను కొన్నాడు. బాలానగర్‌లో ఒక షెడ్డులో ఆరు నెలలు దానితో కుస్తీ పట్టి, రెండు బెర్తులు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, రెండు బ్యాటరీల ఇన్వర్టరు, రెండు చిన్న ఫ్యాన్లు, పైన గాలి పోవడానికి ఒక మూత పెట్టించి ఇంటిబండి అని పేరు పెట్టాడు. ఏసీ మాత్రం ఇంజను నడుస్తుంటేనే పనిచేస్తుంది. పిన్నికి మొదటినుంచీ ఆ బండి అంటే గిట్టదు. ఆవిడకి గిట్టేవి రెండే రెండు: కలెక్టర్, చిల్లర. కలెక్టర్ బొచ్చుకుక్క, తొమ్మిదేళ్ళవాడు. మా ఇంట్లో ఎవరూ కలెక్టర్ కాలేదని వాడికా పేరు పెట్టింది. చిల్లర పిల్లి. పిన్ని నెల రోజులు విశాఖపట్నంలో వాళ్ళమ్మగారి దగ్గర ఉండి శనివారం విమానంలో వస్తోంది. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి దిగుతుంది. అక్కడే ఎక్కించుకుని అటునుంచి అటే కర్నూలు, బెలుం గుహలు, గండికోట. ఇదీ ప్లాను.

చిక్కల్లా గుహల దగ్గర వచ్చింది. లోపలికి కుక్కల్ని తీసుకెళ్ళలేం. రెండు మూడు గంటలు ఇద్దరూ బండిలోనే ఉండాలి. ముందు విమానాశ్రయం దగ్గరే దానికి పరీక్ష అని పిన్ని ఫోన్లో తేల్చి చెప్పేసింది.

"సుధా, మీ బాబాయ్, నువ్వూ ఇద్దరూ నన్ను తీసుకెళ్ళడానికి గేటు దగ్గరికి రావాలి. బండిలో ఎవరూ ఉండకూడదు. దగ్గర్లో ఎవరైనా పెద్దమనిషికి తాళం ఇచ్చి, మధ్యమధ్యలో చూడమని చెప్పండి. అంతవరకు ఒప్పుకుంటాను. అంతేగానీ, ఒకళ్ళు విసనకర్ర పట్టుకుని వాడి పక్కన కూర్చుంటే మాత్రం కాపీ కొట్టినట్టే. నేనొచ్చి చూసేసరికి కలెక్టర్ నాలిక వేలాడేసుకుని రొప్పుతున్నాడనుకో, వాణ్ణి, చిల్లరని ఎత్తుకుని ఇంటికి పోతాను. ఆ డొక్కు బండి అమ్మేయండి."

బాబాయ్ మొహం మాడిపోయింది. నాకు మాత్రం చిటికెలో పని అనిపించింది. ఎందుకంటే జంతువుల గురించి నాకు తెలియనిదేముంది? పుస్తకాల ప్రదర్శనల్లో, ధర్నా శిబిరాల్లో, రైల్వే స్టేషన్ మెట్ల మీద పంచే కరపత్రాలు ఒక్కటి కూడా పారేయకుండా దాచుకుని చదివినదాన్ని. నా సంచిలో ఎప్పుడూ కనీసం నలభై ఉంటాయి. అంతకు ముందు వారమే ఒక షాపింగ్ మాల్ పార్కింగ్‌లో కారు అద్దాలు మూసి లోపల కుక్కపిల్లని వదిలి వెళ్ళిన ఒకాయన తిరిగి వచ్చేదాకా కాచుకుని కూర్చుని, "మిమ్మల్నే అలా మూసిపెడితే తెలుస్తుంది!" అని నలుగురిలో అరిచి, 'వేసవిలో మూగజీవాలు' అన్న కరపత్రం ఆయన చేతిలో కుక్కి వచ్చాను. ఆయన పాపం దాన్ని జేబులో పెట్టుకుని కారెక్కాడు. ఆ విజయం ఇంకా నా తలలో గిర్రున తిరుగుతూనే ఉంది.

శనివారం పొద్దున్న ఏడింటికి కూకట్‌పల్లి నుంచి బయలుదేరాం. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్‌కి అరగంట. ఊళ్ళోంచి మెహిదీపట్నం, ఆరాంఘర్ మీదుగా వస్తే గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. ఎనిమిదింబావుకి శంషాబాద్‌లో టిఫిను. క్యాబ్ డ్రైవర్లు ఎక్కడ గుంపుగా నిలబడి తింటుంటే అక్కడ ఆగండి. ఇడ్లీ పాతిక రూపాయలు, పల్లీ చట్నీ ఎంత కావాలంటే అంత. అక్కడే మల్లేశం అనే డ్రైవరుతో బేరం కుదిరింది. ఆయనది కొత్వాల్‌గూడ.

"పెద్ద బండి ఉంది గదనే, మళ్ళ నా కారెందుకు?" అన్నాడు.

"ఆ బండిలో కుక్కా పిల్లీ ఉంటాయన్నా. దాన్ని చెట్టునీడలో పెట్టి మేం వెళ్ళాలి."

"ఓహో. కుక్కకేమో ఇల్లు, మీకేమో కిరాయి కారు! మంచిగుంది అక్కా."

బాబాయ్ పకపకా నవ్వాడు. నాకు కోపం వచ్చింది. జంతువుల హక్కుల మీద రెండు మాటలు చెప్పబోయాను గాని, బాబాయ్ నా చెయ్యి పట్టుకుని బండి ఎక్కించాడు. రానూ పోనూ, అక్కడ ఆగినందుకు కూడా కలిపి నాలుగు వందలు. విమానాశ్రయం పార్కింగ్‌లో నీడ దొరుకుతుందన్న నమ్మకం లేక, బెంగుళూరు రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్ళి పాల్మాకుల దగ్గర వేపచెట్లు చూసి దిగాం. అప్పటికి తొమ్మిదింబావు. రోడ్డుకి కాస్త లోపల ఒక కోళ్ళఫారం, దాని కంచె పక్కన వరసగా మూడు వేపచెట్లు.

ఇక నా ప్రతాపం చూపించాను. కరపత్రంలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా చేశాను. పదిహేను రూపాయల చొప్పున కొన్న ఆరు గోనె సంచులు బకెట్లో ముంచి, కిటికీలకి లోపలివైపు వేలాడదీశాను. చిల్లర దూకి పారిపోతుందేమోనని అద్దాలన్నీ బిగించాను. ఫ్యాన్లు వేశాను. వాళ్ళు ఆకలితో ఉండకూడదని పెరుగన్నం పెద్ద గిన్నెడు కలిపి పక్కన పెట్టాను. పదిన్నరకల్లా ఇద్దర్నీ లోపల పెట్టి తలుపు మూశాను, అంతా సిద్ధం. బాబాయ్ గోడ గడియారమంత థర్మామీటరు తెచ్చి లోపల తగిలించాడు.

చెయ్యడానికి ఇంకేం లేక కంచె వైపు చూశాను. రేకుల షెడ్డు, లోపల వందల కోళ్ళు. రేకుల కింద! మే నెలలో! నా రక్తం మరిగింది. సంచిలోంచి కరపత్రం తీసుకుని గేటు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"ఎవరండీ ఇక్కడ? ఇంత ఎండలో రేకుల కింద పెట్టి వీటిని ఉడకబెడుతున్నారా? మీకు మనసు లేదా?"

షెడ్డు చివర నేలమీద గొంతుక్కూర్చున్న మనిషి తల తిప్పింది. యాభై ఏళ్ళుంటాయి. కొంగు నడుముకి బిగించి ఉంది. పేరు యాదమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏంది బిడ్డా, ఎవరి మీద గట్ల ఒర్లుతున్నవ్? కోళ్ళు బెదురుతయి, జర మెల్లగ."

"మీరు ముందు ఇది చదవండి," అని కరపత్రం చాచాను.

"నాకు సదువు రాదు. నువ్వే లోపటికొచ్చి సదివి చెప్పు. గీడ కూసో."

కూర్చుంటే చదవొచ్చని ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను. నోరు తెరిచాను. మూసుకున్నాను. అక్కడ చల్లగా ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి గాలి ఒకటే వీస్తోంది. రేకుల మీద తెల్లగా సున్నం, దాని మీద తాటాకులు, వాటి మీద గొట్టంలోంచి సన్నగా నీళ్ళు. పక్క జాలీలకి బయట తడి గోనెపట్టాలు. కోళ్ళు తమ పని తాము చూసుకుంటున్నాయి. ఒక్కటి కూడా నోరు తెరవలేదు, నేను తప్ప.

"సదువు బిడ్డా," అంది యాదమ్మ.

"మీరెందుకు కింద కూర్చున్నారు? కుర్చీ లేదా?" అన్నాను మాట మార్చడానికి.

"కుర్చీ ఉంది. గాని కోడి కుర్చీల కూసోదు గద. అది ఎంత ఎత్తుల ఉంటదో గంత ఎత్తుల కూసుంటెనే దాని కష్టం ఎర్కయితది. దినాం పదకొండింటికోసారి, రెండింటికోసారి గిట్ల కూసుంట. నాకు ఉబ్బరించిందంటె దానికి పానం పోతున్నట్టే." తర్వాత కంచె అవతలికి చూసి, "గా పచ్చ బండి నీదేనా? అండ్ల ఎవరున్నరు?" అని అడిగింది.

చెప్పాను. పరీక్ష సంగతి కూడా చెప్పాను. ఆవిడ లేచి చీర దులుపుకుని నాతో పాటు బండి దాకా వచ్చి, తలుపు కొద్దిగా తీసి మొహం పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది.

"జల్ది ఆ కుక్కను దించు. పిల్లిని గుడ. ఇగ నువ్వెక్కు. కింద కూసో. తలుపేస్త."

"నేనా?"

"మరి? మా కోళ్ళ కోసం గంత ఒర్లినవ్, నీ కుక్క కోసం గింతసేపు కూసోలేవా?"

పౌరుషం పొడుచుకొచ్చింది. అరగంట కూర్చుంటానని పందెం కాసి ఎక్కాను. కలెక్టర్ పడుకునే చోటే, నేలమీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. తలుపు పడింది. మొదటి నిమిషం తడి గోనె వాసన. మూడో నిమిషంలో చెమట. ఐదో నిమిషంలో నాకు అర్థమైంది, పొద్దున్న నేను తిన్న ఇడ్లీ ఎలా ఉడికిందో. గోనెల్లోని తడంతా ఆవిరై బయటికి పోయే దారి లేక నా మీదే కూర్చుంది. ఫ్యాన్లు ఆ ఆవిరినే తిప్పి తిప్పి నా మొహాన కొడుతున్నాయి. వేపనీడ పక్కకి జరిగిపోయి, పైనుంచి బండి కప్పు నిప్పుల మూకుడులా కాలుతోంది. ఆ కప్పుకి ముదురాకుపచ్చ రంగు వేయించింది కూడా నేనే. ప్రకృతి రంగు ఉండాలని షెడ్డులో పెయింటరుతో దెబ్బలాడి మరీ. ఏడు నిమిషాలు దాటగానే తలుపు బాదాను.

బయటికి వచ్చేసరికి బాబాయ్ గడియారం చూస్తున్నాడు. "ఏడు నిమిషాలా ఇరవై సెకన్లు, ఉద్యమకారిణి గారూ."

నేను నవ్వలేదు. వేపచెట్టు కింద కలెక్టర్ నాలిక బయట పెట్టి రొప్పుతూ నా వైపే చూస్తున్నాడు. లోపలున్న ఆ అరగంటకే. ఒకవేళ యాదమ్మ రాకపోతే, మేం తాళం ఎవరికో ఇచ్చేసి, గర్వంగా వెళ్ళిపోయి ఉంటే? మాల్ పార్కింగ్‌లో నేను అరిచిన ఆ పెద్దమనిషి మొహం కళ్ళముందుకొచ్చింది. ఆయన కనీసం కుక్కని గోనెలతో ఉడకబెట్టలేదు.

"సిగ్గు పడుడు తర్వాత పడుదువు," అంది యాదమ్మ. "టైమెంతయింది?"

పదకొండుంబావు. పన్నెండున్నరకి మల్లేశం వస్తాడు.

ఆ గంటలో జరిగింది చెప్తాను, ఇది మీరు కూడా చేయగలిగిందే. ముందు బండిని తిప్పించింది. ఆవిడ షెడ్డులాగే పొడవు తూర్పు పడమరలుగా ఉండాలట. అలా ఉంటే పొద్దుటి ఎండా సాయంత్రపుటెండా మొహానా వీపునా తగులుతాయే గాని పక్కలకి తగలవు. తర్వాత అద్దాలన్నీ దించించింది. కిటికీలకి బాబాయ్ బిగించిన ఇనప జాలీ ఉండనే ఉంది, చిల్లర దూకే ప్రశ్నే లేదు. ఆ మాట నాకెందుకు తట్టలేదో నాకే తెలియదు. గోనెలు లోపలనుంచి తీసి, బయట, గాలి వచ్చే వైపు మాత్రమే కట్టించింది. అవతలి వైపు ఖాళీగా వదిలేశాం, లోపలికొచ్చిన గాలి బయటికి పోవాలి కదా. నీళ్ళ క్యాన్ల మూతలకి మేకుతో చిల్లి కొట్టి తలకిందులుగా గోనెల మీద వేలాడదీశాం, చుక్కచుక్కగా తడుస్తూనే ఉంటాయి. పైమూత తెరిచి ఒక ఫ్యాను దాని కింద పైకి తిప్పి పెట్టాం, వేడిగాలిని బయటికి తోసెయ్యడానికి. రెండోది నేల మీదికి తిప్పాం. పెరుగన్నం గిన్నె మాత్రం యాదమ్మే తీసేసింది.

"ఎండపూట మేమైతె కోళ్ళకు దాణ ఎయ్యం. తిన్నది అరగాలంటె ఒంట్ల వేడి పుడ్తది. నీళ్ళు పెట్టు, రెండు గిన్నెలు. ఒకటి తన్నుకుంటె ఇంకోటుంటది. బువ్వ పొద్దుగూకినంక."

ఆఖరున కప్పు. షెడ్డు కోసం కలిపి పెట్టుకున్న సున్నం బకెట్టు, పొడుగు కర్ర కుంచె తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టింది. బాబాయ్ తన పచ్చరంగు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఎనిమిది వేల పెయింటే అమ్మాయ్."

"నేనే వేస్తాను బాబాయ్," అని పైకెక్కాను. ఒక పొర వేసి రెండో పొర మొదలుపెట్టేసరికి మొదటిది ఎండిపోయింది. దాని మీద యాదమ్మ నాలుగు మోపుల వరిగడ్డి పరిపించి తాడు వేయించింది. దిగి చూస్తే, సర్కారు బడికి గడ్డి టోపీ పెట్టినట్టుంది మా ఇంటిబండి.

మళ్ళీ ఎక్కాను. మళ్ళీ కలెక్టర్ చోటే కూర్చున్నాను. ఈసారి ఇరవై నిమిషాలు. కాళ్ళకి తడిగాలి తగులుతోంది. మెడమీద చెమట ఆరింది. బయట వేపనీడలో నలభై చూపించిన థర్మామీటరు లోపల ముప్ఫై రెండు చూపించింది. యాదమ్మ కిటికీలోంచి తొంగి చూసి, "నిద్రొస్తుందా?" అంది. వస్తోందన్నాను. "ఇగ కుక్కనెక్కియ్యి."

తాళం ఆవిడ కొంగున ముడివేసుకుంది. పావుగంటకోసారి చూస్తానని చెప్పి తన ఫోన్ నంబరు ఇచ్చింది. పన్నెండున్నరకి మల్లేశం కారులో బయలుదేరాం. ఆయన బండి టోపీ చూసి, నా సున్నపు చేతులు చూసి, సీటు మీద పాత తువ్వాలు పరిచాడు.

విమానం నలభై నిమిషాలు ఆలస్యం. బోర్డు మీద ఆ అంకె చూడగానే క్యాన్లలో నీళ్ళు ఎంతసేపొస్తాయో వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒకటిన్నరకి యాదమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండూ పదికి మళ్ళీ చేశాను. ఎత్తలేదు. గాలి పడిపోయిందేమో, క్యాన్లు ఖాళీ అయ్యాయేమో, ఇన్వర్టరు ఆగిందేమో. "నేను వెనక్కి వెళ్తా బాబాయ్" అన్నాను. "వెళ్తే కాపీ కొట్టినట్టే కదే" అన్నాడు. "పరీక్ష పోతే పోనీ, వాడికేమన్నా అయితే?" అని అరిచాను. పువ్వుల గుత్తులు పట్టుకుని నిలబడ్డవాళ్ళంతా మా వైపు తిరిగారు. పరుగెత్తబోతున్నదాన్నల్లా ఆగాను. గాజు తలుపుల్లోంచి పిన్ని బ్యాగులు తోసుకుంటూ వస్తోంది. మొదటి మాట, "బాగున్నారా" కాదు.

"ఎంత చూపిస్తోంది లోపల?"

దారి పొడుగునా నేను మల్లేశాన్ని తొందరపెడుతూనే ఉన్నాను. పిన్నికి అనుమానం వచ్చినట్టుంది, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. పాల్మాకుల చేరేసరికి రెండూ నలభై. నేను కారు ఆగకముందే దూకాను. యాదమ్మ షెడ్డులోంచి తీరిగ్గా వస్తోంది.

"ఫోన్ ఎత్తలేదేమక్కా!"

"ఇంట్ల చార్జింగుకు వెట్టిన. నేనేమో గీడ్నే ఉన్న. నీకు ఫోన్ కావాల్నా, కుక్క కావాల్నా?"

తలుపు తీశాం. కలెక్టర్ పరుగెత్తుకు రాలేదు. నేలమీద నాలుగు కాళ్ళూ చాపుకుని, కదలకుండా పడి ఉన్నాడు. పిన్ని చేతిలో బ్యాగు జారిపోయింది. "ఒరేయ్ కలెక్టరూ..." అని వంగి ముట్టుకుంది. పొట్ట నిదానంగా లేస్తూ పడుతోంది. నాలిక నోట్లోనే ఉంది. ఒక కన్ను సగం తెరిచి, వచ్చింది ఎవరో చూసి, తోక రెండుసార్లు నేలకేసి కొట్టి, మళ్ళీ కన్ను మూసుకుని గుర్రు పెట్టాడు. వాడి వీపుకి ఆనుకుని చిల్లర, నీళ్ళ గిన్నె పక్కన, చుట్టలా పడుకుంది.

పిన్ని లేచి నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి గాని గొంతులో మాత్రం క్లాసురూమే.

"నెల తర్వాత వచ్చాను. కనీసం లేచి నిలబడడా వీడు? ఇంత సుఖం మరిగించారా?"

"మార్కులెన్ని?" అన్నాడు బాబాయ్.

"తొంభై. వీడు నన్ను చూసి లేవనందుకు పది కోత." తర్వాత బండి దిగి, కప్పు వైపు తలెత్తి చాలాసేపు చూసి, "ఇదెవరి తెలివి?" అంది. నేను యాదమ్మని చూపించాను. పిన్ని వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నాకేంది అమ్మా, ఈ పిల్లనే కుక్క జాగల కూసుంది," అంది యాదమ్మ. ఎండ తగ్గేదాకా ఉండి పొమ్మని మాకందరికీ నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. ఐదింటికి బయలుదేరి రాత్రికి కర్నూలు చేరాం. బెలుం, గండికోట సంగతులు వేరే చెప్పొచ్చు గాని, ఆ నాలుగు రోజులూ పిన్ని ఒక్కసారి కూడా బండి అమ్మమనలేదు.

కరపత్రాలు చదవడం నేను మానలేదు. మూసిన కారులో మూగజీవిని చూస్తే ఇప్పటికీ నా గొంతు లేస్తుంది, లేవాలి కూడా. కానీ ఆ రోజు ముందు వరకు నేను ప్రాణుల బాధని నిలబడి చదివేదాన్ని, నిలబడి అరిచేదాన్ని. అక్షరం రాని యాదమ్మ రోజుకి రెండుసార్లు కోడి ఎత్తుకి దిగి కూర్చుంటుంది. ఆ తేడా తెలియడానికి నాకు ఏడు నిమిషాలా ఇరవై సెకన్లు పట్టింది. ఆ కరపత్రం నా సంచిలో ఇంకా ఉంది. గోనెల సంగతి రాసిన చోట పెన్నుతో కొట్టేసి, మార్జిన్‌లో ఇంకొకటి రాసుకున్నాను. మీకిచ్చే సలహా కూడా అదే: గోనెలు, ఫ్యాన్లు, సున్నం ఏం చేసినా సరే, తాళం వేసే ముందు, మీ కుక్క పడుకునే చోటే నేలమీద తలుపు వేసుకుని ఇరవై నిమిషాలు మీరు కూర్చోండి. మీకు నిద్రొస్తే వెళ్ళండి. చెమటపడితే వెళ్ళకండి.